ఊరి బోర్డు మీద అంకె

నెబ్రాస్కా గోధుమచేల నడుమ ఆ ఊరికి మిగిలినవి రెండు మట్టిరోడ్లు, ఒక చర్చి, మూతబడిన ధాన్యపు గిడ్డంగి. ఊరి మొదట్లో జనాభా చెప్పే తెల్ల చెక్కబోర్డు ఒకటుంది. ప్రభుత్వం పదేళ్లకోసారి లెక్క చూసుకుంటుంది గానీ అంతవరకూ ఆగే ఓపిక ఆ ఊరికి లేదు. ఎవరైనా పోతే, పాతిపెట్టిన మర్నాడే ఎల్డన్ నిచ్చెన వేసుకుని అంకె మార్చేవాడు. ముప్ఫై ఏళ్లూ అతని భార్య వెర్నాయే కింద నిచ్చెన పట్టుకునేది.

వెర్నా పోయి మూడు వారాలైంది. బోర్డు మీద ఇంకా పన్నెండే ఉంది.

"మా ఆవిడ పోయినప్పుడు మర్నాడే తయారయ్యావు కదరా! మీ ఆవిడకో న్యాయం, మా ఆవిడకో న్యాయమా?" అన్నాడు పక్కింటి డెల్మర్. అలా దెప్పుతూనే నిచ్చెన తన ట్రక్కులో వేసి, అతన్ని బోర్డు దగ్గరికి తీసుకెళ్లాడు.

డెల్మర్ నిచ్చెన పట్టుకున్నాడు. ఎల్డన్ పాత అంకె మీద తెల్లరంగు పూసి, అది ఆరేదాకా పైనే నిలబడ్డాడు. "దిగరా, పడి చస్తావు" అన్నా వినలేదు. తర్వాత నల్లరంగుతో కొత్త అంకె వేశాడు.

"పదేంట్రా? కళ్లు పోయాయా? పదకొండు రాయి!"

"ఆదివారం నన్ను టౌన్లో వృద్ధాశ్రమానికి తీసుకుపోతున్నారు. మళ్లీ ఇది ఎక్కేదెవడు? నీకా, మోకాళ్లే వంగవు."

ఎల్డన్ దిగి, బ్రష్షు తుడుచుకుని, వెళ్లి ట్రక్కులో కూర్చున్నా, డెల్మర్ ఆ ఖాళీ నిచ్చెనను రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు.