గాయపడిన సాల్మన్ రాజు

పాస్టరు కృపాదానం గారు బెంగుళూరులో వారం రోజుల శిక్షణ పొంది వచ్చాక, బెంగాల్లోని ఖిదిర్‌పూర్ రేవు దగ్గరి తెలుగు సంఘంలో పాపులు కనబడటం మానేశారు. అందరూ గాయపడినవాళ్ళే అయిపోయారు. చర్చి పక్కన విరిగిన బెంచీలు పడేసే గదిని ఖాళీ చేయించి, "హృదయ గాయాలకు ఆత్మీయ కౌన్సెలింగ్" అని బోర్డు కట్టించారు. సంఘంలో కుర్రకారుకి తెలుగు చదవడం అంతంతమాత్రం గనుక కింద బెంగాలీలో కూడా రాయించారు. ఆదివారం ప్రసంగంలో ఆయన మాటిమాటికీ "ట్రామా" అంటుంటే, వెనక వరసలో ముసలి అచ్చమ్మ పక్కావిడ చెవిలో, "ఎవుల్ని గుద్దీసిందే ట్రాము?" అని అడిగింది.

ఆ గదిలోకి మొదట వెళ్ళింది అచ్చమ్మ కోడలు లిల్లీ. ఎడమ మణికట్టుకి కట్టు ఉంది. భర్త సాల్మన్ రాజు ఓడల డాకులో క్రేను నడుపుతాడు, చర్చిలో పాటలు నడిపిస్తాడు. బయట అంత నెమ్మదస్తుడు లేడు. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గినా కొడతాడు, ఎందుకు తగ్గిందో చెప్పబోయినా కొడతాడు. గిన్నె మూత కింద పడితే చాలు, లిల్లీ గోడకి అతుక్కుపోతుంది. నిద్ర పట్టదు. అదంతా చెప్పింది. పాస్టరు గారు కళ్ళు మూసుకుని, తల ఊపుతూ విన్నారు. బెంగుళూరులో అలాగే వినమన్నారు.

"అమ్మా, ఆ కోపం రాజుది కాదు. అతని లోపల ఏడుస్తున్న చిన్నపిల్లాడిది" అన్నారు చివరికి.

"సిన్నపిల్లోడి సెయ్యి ఇంత బరువుంటాదా అయ్యగారూ?"

ఆయన జవాబుగా ప్రార్థన మొదలుపెట్టారు.

తర్వాత సాల్మన్ రాజుని పిలిపించారు. దెబ్బలు తిన్నది ఆమె అయినా వైద్యం అతనికి మొదలైంది. అతనికి కౌన్సెలింగ్ బాగా వంటబట్టింది కూడా. ఇదివరకు చెయ్యి చేసుకున్నాక కాస్త సిగ్గుపడేవాడు. ఇప్పుడు, "నా గాయం లేగిసింది లిల్లీ, ఎడంగా ఉండు" అని హెచ్చరించి మరీ కొడుతున్నాడు. కొట్టి, కాసేపు మోకాళ్ళ మీద ఉండి, లేచి టీ అడుగుతున్నాడు. లిల్లీ మళ్ళీ వెళ్ళి మొరపెట్టుకుంటే, "స్వస్థత జరిగేటప్పుడు నొప్పి ఎక్కువవుతుందమ్మా" అన్నారు పాస్టరు గారు. ఎవరి నొప్పో చెప్పలేదు.

మట్టలాదివారం నాడు సాల్మన్ రాజు సంఘం ముందు తన జీవితం గురించి సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డాడు.

"నా తండ్రి తాగొచ్చి నన్ను బెల్టుతో కొట్టేవోడు. నాను మంచం కింద దాక్కునేవోణ్ణి. ఆ బెల్టు సప్పుడు నాకింకా ఇనిపిస్తాది."

సంఘమంతా ఏడ్చింది. పాస్టరు గారు అతన్ని కౌగిలించుకున్నారు. స్త్రీల సమాజం పెద్ద ముక్కు తుడుచుకుంటూ లిల్లీ వైపు వంగి, "అలాంటి మనిషిని అర్థం సేసుకోవాల తల్లీ" అంది.

అప్పుడు అచ్చమ్మ లేచింది.

"ఏ తండ్రిరా? మీ అయ్య నువ్వు నా కడుపులో ఉండగానే పోనాడు గదరా! వాంతులయ్యి టెక్కలి ఆస్పత్రిలో పోనాడు. నిన్నెత్తుకుని నానిక్కడికొచ్చీసినాను. ఆడి మొకం నువ్వెప్పుడు సూసినావు? బతికున్నన్నాళ్ళూ పంచే కట్టినాడు మారాజు, ఆడికి బెల్టెక్కడిది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారు చెయ్యెత్తారు. "కూర్చోండమ్మా. గాయపడిన మనసులో జ్ఞాపకాలు తారుమారవుతాయి. గర్భంలో ఉండగా కూడా ట్రామా..."

"గర్భంలోకి బెల్టు ఎలగొచ్చినాదయ్యగారూ?"

ఆయన కీబోర్డు వాయించేవాడికి సైగ చేశారు. అందరూ లేచి స్తుతిగీతం అందుకున్నారు.

నిజానికి అచ్చమ్మ లేచింది కోడలి కోసం కాదు. ఇన్నేళ్ళూ పక్క గదిలో కోడలు ఏడుస్తుంటే బియ్యంలో రాళ్ళు ఏరుకున్న మనిషే ఆమె. పోయిన మొగుడి పరువు కోసం లేచింది. అయితే ఇంటికి రాగానే సాల్మన్ రాజు, "పదిమందిలో నన్ను నవ్వులపాలు సేసినావు" అంటూ తల్లి మీదకే చెయ్యెత్తాడు. లిల్లీ అడ్డం వెళ్ళింది. దెబ్బలు ఇద్దరికీ తగిలాయి. అతను విసురుగా బయటికి పోయాడు.

అచ్చమ్మ చెంప పట్టుకుని కోడలి వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ ఇదేనేటే?" అంది.

"ఇయ్యాళ తక్కువే అత్తా."

మర్నాడు ఇద్దరూ ఎర్రజెండా పార్టీ ఆఫీసుకి వెళ్ళారు. ఆ వీధిలో ఏ తగవైనా తీరేది అక్కడే. వీధంతా దాదా అని పిలిచే అక్కడి నాయకుడు మర్యాదగా కుర్చీలు వేయించాడు, సాంతం విన్నాడు. "మిమ్మల్ని కొడుతున్నది రాజు కాదు దీదీ, పెట్టుబడిదారీ వ్యవస్థ" అన్నాడు బెంగాలీలో.

"అయితే దాన్నే పిలిపించు దాదా, నాను మాటాడతాను" అంది అచ్చమ్మ. దాదా టీ తెప్పించాడు. వ్యవస్థ రాలేదు.

మణికట్టుకి కట్టు కట్టిన నర్సు చెప్పగా, చివరికి భవానీపూర్ వెళ్ళారు. అక్కడ ఓ బట్టల కొట్టు పైగదిలో జ్ఞానప్రసూన అనే విశాఖపట్నం ఆవిడ కౌన్సెలింగ్ చేస్తుంది. గోడ మీద శిలువ కనబడగానే లిల్లీకి వెనక్కి తిరగాలనిపించింది.

"మీకెక్కడ ధైర్యంగా ఉంటే అక్కడ కూర్చోండి" అంది జ్ఞానప్రసూన. లిల్లీ తలుపు పక్కన కూర్చుంది. "ఇవాళ ఇంటికి వెళ్తే మీకేం ప్రమాదం లేదు కదా?"

అయ్యగారు గానీ దాదా గానీ ఆ మాట అడగలేదు. లిల్లీకి ఏడుపు ఆగలేదు.

"ప్రార్థన చెయ్యమంటారా?"

"ఇప్పుడొద్దండి."

"సరే" అంది ఆవిడ. నిజంగానే చెయ్యలేదు.

"ఆయన్ని నాను క్షమించాలాండీ?"

"ముందు ఆ ఎముక అతుక్కోనివ్వండి."

పోలీస్ స్టేషన్‌కి ఆవిడే తోడు వచ్చింది. అత్తాకోడళ్ళు టికియాపారాలో లిల్లీ అక్క ఇంటికి చేరారు. లిల్లీ స్కూలు యూనిఫారాలు కుట్టే చోట పనిలో కుదిరింది. కేసు నడుస్తూనే ఉంది. సాల్మన్ రాజుని మాత్రం సంఘం పై శిక్షణకి బెంగుళూరు పంపింది. తిరిగొచ్చి పురుషుల స్వస్థత కూటానికి నాయకుడయ్యాడు. సాక్ష్యం కూడా దిద్దుకున్నాడు. ఇప్పుడందులో కొట్టేది తల్లి.

వానాకాలంలో ఒకరోజు, భవానీపూర్ గదిలో లేవబోతూ లిల్లీ ఆగింది. "ఇయ్యాళ ప్రార్థన సెయ్యండి" అంది.

"రాజు గారి కోసం కూడా చెయ్యనా?"

"ఆయన కోసం సంఘమంతా సేస్తంది గదండీ. మా అత్తకీ నాకూ సెయ్యండి, సాలు."