రెండు బోల్టులతో ఆపిన మూత

“ఏమే నీవెస్, ఆ పెట్టె ముందు నువ్వు కూర్చుంటే బంగాళాదుంపలు వాటంతటవే తొక్క తీసుకుంటాయా?”

కార్నివాల్ సోమవారం పొద్దున వంటింట్లోంచి అత్తగారు సతుర్నీనా వేసిన కేక అది. నీవెస్ అప్పటికి రబ్బరు పేస్టు గొట్టం మూత తీసి, బ్యాటరీ పెట్టె అంచున వేలెడంత గీత గీసింది, అంతే. ఎదురుగా, కొచబాంబా ఊళ్లోని ఆ ఇరుకు పెరట్లో, మొగుడు రెనే సరుకులు వేసే పాత మూడు చక్రాల బండి ఉంది. దాని పెట్రోలు ఇంజను ఊడబీకి కరెంటు మోటారు బిగించింది నీవెస్సే. నలభై రెండేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లి, యూనివర్సిటీలో కరెంటు బండ్ల ఇంజనీరింగులో ఎమ్మెస్ చదువుతోంది మరి! ఈ బండే ఆమె ఆఖరి పరీక్ష. గురువారం ఆలియాగా మాస్టారు ఇంటికొచ్చి చూస్తారు. ఆగకుండా అరవై కిలోమీటర్లు నడిస్తే పట్టా చేతికొచ్చినట్టే.

ఆ పెట్టెలో ఏముందో ఇంట్లో ఒక్కరూ అడగలేదు. జనం పారేసిన లాప్‌టాప్‌లలోంచి తీసిన మూడు వందల పన్నెండు సెల్లులు. ఒక్కొక్కదాన్నీ పరీక్షించి, పెన్నుతో నెంబరు వేసి, పొయ్యి మీద పులుసు ఉడికేలోపు రెండు, బట్టలు ఆరేలోపు నాలుగు చొప్పున రెండేళ్లు పేర్చుకుంటూ వచ్చింది. రెనే మాత్రం చుట్టాలందరి దగ్గరా ఒకటే జోకు వేసేవాడు: “మా ఆవిడ కరెంటు చదువుతోంది, ఇంట్లో బల్బు పోతే మాత్రం నేనే మార్చాలి.” పందొమ్మిదేళ్ల కాపురంలో అతను మార్చిన బల్బు ఒక్కటి కూడా లేదు. అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. ఎందుకు నవ్వేదో తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది.

మూత చుట్టూ పేస్టు పూసి, ఎనిమిది బోల్టులూ బిగించి, ఒక పగలూ ఒక రాత్రీ కదపకుండా ఆరనివ్వాలి. ఇరవై మందికి పండగ పులుసు పుచేరో వండాలంటే రెండు చేతులూ చాలవు. క్యాబేజీలు, పీచ్ పండ్లు, మాంసం, గంపెడు దుంపలు. “వస్తున్నా అత్తయ్యా” అంది. మూత అలాగే ఉంచి, రెండు బోల్టులు తిప్పి, మిగతా ఆరూ ఏప్రాన్ జేబులో వేసుకుని లేచింది. బుధవారం చూసుకుందాంలే అనుకుంది.

మంగళవారం చల్యా. ఇంటికీ బండికీ పూలరేకులు చల్లి, రంగు కాగితాలు కట్టి, నేలతల్లి పాచామామకు బీరు పోసే రోజు. మధ్యాహ్నానికి పెరడంతా చుట్టాలే. సతుర్నీనా బండి చుట్టూ తిరిగి, “తల్లీ, మా కోడలి పిచ్చి బండిని చల్లగా చూడు” అని నాలుగు చక్రాలకు సరిపడా పూలు ఆ మూడు చక్రాలకే చల్లింది. రెనే పెద్ద సీసా ఊపుతూ వచ్చాడు.

నీవెస్ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. జేబులో ఆరు బోల్టులు తొడకు తగులుతున్నాయి. పెట్టె మీద పోయకు. ఆ మూడు మాటలే చాలు. కిందటేడు ఇదే రోజు, గ్యాసు దగ్గర టపాకాయలు వద్దంటే, రెనే చేతులు జోడించి, “లేవండర్రా, ఇంజనీరమ్మ గారు పాఠం చెబుతున్నారు!” అన్నాడు. ఆడబిడ్డ తాగుతున్న మొక్కజొన్న కల్లు, చిచా, పొలమారేంతగా నవ్వింది. ఆ నవ్వు మళ్ళీ చెవుల్లో మోగింది. అంత బీరు పెట్టె మీద పోస్తాడా, చక్రాలకే పోస్తాడులే, అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

అతను పెట్టె మీదే పోశాడు. నురగ మూత సందులోకి పాకింది. “పోయరా, కరువా!” అని బావగారు మరో సీసా అందించాడు. చిటపటమంది. కమిలిన వాసన, తెల్లటి పొగ. గరిటె పారేసి నీవెస్ పరుగున వెళ్లి కరెంటు ఆపే ఎర్ర పిడి లాగేసింది. అందరూ కలిసి బండిని వీధిలోకి తోశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. కింది వరసల సెల్లులన్నీ పాడయ్యాయి. వాటిని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ కార్డు బొగ్గయింది.

“తల్లికి ఇష్టం లేదు” అంది సతుర్నీనా.

“రెండేళ్ల చదువు రెండు సీసాల బీరుకి ఆగలేదా?” అన్నాడు రెనే. “రేపు వాన పడితే ఏం చేసేదానివి?”

అది నిజమే కదా అనిపించింది ఆమెకు. అందుకే ఇంకా నొప్పి.

గురువారం మాస్టారు వచ్చి, పెట్టె చూసి, జరిగిందంతా విన్నారు. తర్వాత లోపాల కాగితం ఇచ్చారు. ఏదైనా పాడైతే ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడుగుతుంది ఆ కాగితం. “వాన అని రాసెయ్యమ్మా. ఆగస్టులో మళ్ళీ చూస్తాను. ఇంటి సంగతులు అందులో ఎందుకు?” అన్నారు.

కార్డు ఎందుకు కాలింది? తడి చేరింది. తడి ఎందుకు చేరింది? మూత బిగించలేదు. ఎందుకు బిగించలేదు? బిగించాల్సిన మనిషి లేచి వెళ్లింది. ఎందుకు వెళ్లింది? పిలిచారు. ఐదో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. అత్తగారి పేరు రాద్దామా, మొగుడి పేరు రాద్దామా అని చూసింది. చివరికి రాసింది: “తెలిసినదాన్ని నేనే. చెప్పలేదు.”

జూలైలో ఓ ఆదివారం, తోటివాళ్లు పట్టాలు పుచ్చుకుని ఫొటోలు పంపిన మర్నాడు, కొత్త పెట్టె అంచున పేస్టు పూసి కూర్చుంది.

“నీవెస్! ఏమే, నూనె కాగుతోంది!”

వస్తున్నా అనే మాట గొంతుదాకా వచ్చింది. ఆరో బోల్టు తిప్పుతూ మింగేసింది.

“దించెయ్యండి అత్తయ్యా. ఇది కదలకుండా ఆరాలి, నేను రేపు పొద్దున దాకా రాను.”

వంటింట్లో గిన్నె ధనామని చప్పుడైంది. పొయ్యి ఆరిపోయింది. అంతకుమించి ఏమీ జరగలేదు. ఇంతేనా, అనుకుంది నీవెస్, ఏడో బోల్టు అందుకుంటూ. దీనికా నేను పందొమ్మిదేళ్లు భయపడింది?