నారింజ రంగు తాడు

"తడి దుప్పట్లు కుర్చీల మీద ఆరేస్తే మనుషులు కూర్చునేదెక్కడ, నెత్తి మీదా?" అత్తగారిది పొద్దుటి నుంచీ అదే పాట.

"తాడు లేదు కదత్తయ్యా," అంది కోడలు.

"గాలికి కొట్టుకుపోయిందని చెప్పానుగా." భర్త కంచంలోంచి తలెత్తలేదు.

"క్లిప్పులు వదిలేసి తాడు ఒక్కటే పట్టుకుపోయిందా? భలే తెలివైన గాలిరా!"

అన్నతో కలిసి చేపల వేటకెళ్లే మరిది కిసుక్కున నవ్వబోయి, అన్న చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

కోడలికి ఒళ్లు మండిపోయింది. తాబేళ్లకు వైద్యం చేసే కేంద్రంలో తొట్లు కడగడం, మేత పెట్టడం, పుళ్లకు మందు రాయడం ఆమె పని. ఇంట్లో వెటకారానికి డాక్టరమ్మ అంటారు. పోయిన వేసవిలో ఆమె చేతుల మీదుగా కోలుకుని సముద్రంలోకి వెళ్లిన ఆడ తాబేలు ఈ మధ్యాహ్నం మళ్లీ ఒడ్డున పడింది. పగిలిన డిప్ప మీద తను వేసిన అతుకు చూశాక ఇంక అనుమానం లేకపోయింది. ముందు రెక్క వల ముక్కలో బిగుసుకుపోయి ఎముక దాకా తెగింది. వల కత్తిరిస్తుంటే నారింజ రంగు తాడు చేతికి తగిలింది. దాని మీద, ఆరేసినప్పుడు తన కొత్త జాకెట్టు రంగు దిగిన నీలం మరక.

కొంగున కట్టి తెచ్చిన ఆ తాడు తీసి భర్త కంచం పక్కన పడేసింది.

"ఇదిగో మీ గాలి! తాబేళ్లు తప్పించుకోడానికి వలకి పెట్టిన తలుపు దీంతో కుట్టేశారు. ఊపిరికి అవి పైకి రావాలని ఎన్నిసార్లు చెప్పి చచ్చాను?"

"ఆ తలుపులోంచి చేపలు పోతుంటే చూస్తూ కూర్చోమంటావా? అందరూ కుడుతున్నారు."

"అందరిళ్లలో నేను లేనుగా!"

"బతికుండగానే వల కోసి వదిలేశాం కదా వదినా," అని గొణిగాడు మరిది.

"వదిలేశారా? రెక్కకి చుట్టుకున్నది విప్పడానికి కూడా బద్ధకమేసింది మీకు. వదలడం గురించి నాకు చెప్తున్నావా నువ్వు? నెలల తరబడి గొట్టంతో మేత పోశాను. నీళ్లలో మునగడం మళ్లీ వచ్చేదాకా కాపలా కాశాను. ఇప్పుడా రెక్క ఉంచుతారో తీసేస్తారో కూడా తెలీదు!"

అత్తగారు తాడు చేతిలోకి తీసుకుంది. మరకను వేలితో రుద్ది చూసింది.

"గాలిట, గాలి!" అంది కొడుకుతో. ఆ తర్వాత కుర్చీల మీది దుప్పట్ల ఊసెత్తలేదు.

కోడలు అందరి కంచాలూ తీసి ఒకదానిలో ఒకటి పెట్టింది. ఆమె గొంతు బాగా తగ్గిపోయింది.

"వచ్చేటప్పుడు పడవ దగ్గరికెళ్లి కుట్లన్నీ కోసేశాను. నా డ్యూటీ మధ్యాహ్నానికి మార్పించుకున్నాను. రేపట్నుంచి పొద్దున మీరు వల వేసేటప్పుడు పడవలో నేనూ ఉంటాను."