మూల మడిచిన చీటీ

పొయ్యిమీంచి కాఫీ గిన్నె దించి, చేతులు గౌనుకి తుడుచుకుని, తోర్‌బోర్గ్ కళ్ళు మూసుకుంది. ఎడమచేత్తో వాగ్దానాల డబ్బా మూత తీసింది. కుడిచేతిలో సన్నటి ఇత్తడి పట్టుకారు. డబ్బాలో వేలెడేసి చీటీలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉంటాయి. ఒక్కోదానిమీద ఒక్కో దేవుని మాట. ఆ దీవిలో డబ్బా లేని ఇల్లు లేదు. పొద్దున్నే ప్రార్థన చేసుకుని ఒక చీటీ తీస్తారు. ఏది వస్తే ఆ రోజుకి అదే దారి.

పట్టుకారు చీటీల అంచులమీద మెల్లగా నడిచింది. ఎడమ మూలకి వచ్చేసరికి మడత ఒకటి తగిలింది. దాన్ని దాటి పక్కది పట్టుకుంది. పదకొండేళ్ళుగా అలాగే దాటుతోంది.

ఓపిక గురించిన మాట వచ్చింది. చీటీ మళ్ళీ డబ్బాలో పెట్టి, తలకి గుడ్డ కట్టుకుని పనికి బయల్దేరింది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఉప్పునీళ్ళకి వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి పెళ్ళి ఉంగరం ఊడిరావడం మానేసింది. పద్నాలుగో ఏట చేపల కార్ఖానాలో చేరింది. పెళ్ళికి మూడు రోజులు, తల్లి పోయినప్పుడు రెండు రోజులు, అంతే ఆమె పెట్టిన సెలవులు. భర్త అన్‌ఫిన్ వెళ్ళిన చేపల పడవ తిరిగి రాని వారంలో కూడా పనికి వచ్చింది. ఎవరైనా ఓదార్చబోతే, "నాకు మాట వచ్చింది. తిరిగొస్తాడు," అని చెప్పింది. తర్వాత పడవ పలకలు కొట్టుకొచ్చాయి. పోయిన అయిదుగురికీ చర్చి వెనక రాయి నిలబెట్టారు. నాలుగు పేర్లు చెక్కించారు. అయిదో పేరు తోర్‌బోర్గ్ ఇవ్వలేదు. విశ్వాసమంటే ఆవిడదని ప్రార్థన ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పుదలని ఆమె పదకొండేళ్ళు తలెత్తుకుని మోసింది. ఏటా అన్‌ఫిన్ ఊలు చొక్కా పురుగు పట్టకుండా ఎండలో వేసి, మోచేతుల దగ్గర అల్లిక బిగించి పెట్టెలో పెట్టింది.

ఆమె పని దీపపు బల్ల దగ్గర. కింద దీపం వెలిగే గాజుపలకమీద, ముల్లు తీసిన కాడ్ చేప ముక్క పరుస్తారు. పైకి పాలమీగడలా ఉన్న ముక్కలో, లోపల చుట్టుకుని ఉన్న పురుగు మచ్చలా తేలుతుంది. దాన్ని పట్టుకారుతో లాగి బకెట్లో వెయ్యాలి. రోజుకి వందల ముక్కలు.

ఎదురుగా నిలబడి పనిచేసేది ఆడబిడ్డ గుడ్వేగ్. అదే పడవలో మొగుణ్ణీ అన్ననీ పోగొట్టుకుంది.

"వదినా, రాయి చెక్కిన ఎయిలర్ట్ మధ్యాహ్నం పడవకి బెర్గెన్ నుంచి వస్తున్నాడు. అక్షరాలకి రంగెయ్యడానికి. చేతులు వణుకుతున్నాయట, ఇదే ఆఖరుసారి రావడం అన్నాడు."

"రానీ."

"నాలుగింటి పడవకి వెళ్ళిపోతాడు. ఆపైన రాతిమీద అయిదో పేరు చోటు ఖాళీయే."

తోర్‌బోర్గ్ పురుగును లాగింది. సగంలో తెగింది. మిగతా సగం కోసం ముక్కని వెలుగుకి తిప్పింది.

"మా అన్న బతికీ లేడు, చచ్చీ లేడు. నీ డబ్బాలో ఉన్నాడు," అంది గుడ్వేగ్.

"దేవుడి మాటని ఎగతాళి చెయ్యకు."

"నేనెందుకు చేస్తానే తల్లీ! ఆ రోజు నేనూ తీశాను చీటీ. నాకూ అదే వచ్చింది, క్షేమంగా ఇల్లు చేరతారని. ఎన్నోసారికి వచ్చిందో అడగవేం?"

"ఎన్నోసారికి?"

"నాలుగోసారికి." గుడ్వేగ్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. "మూడుసార్లు వెనక్కి పెట్టేశాను. రెండోసారి మేకపిల్లని దాని తల్లి పాలలో వండొద్దని వచ్చింది, తెలుసా?"

పక్కబల్ల ఆడవాళ్ళు పకపకా నవ్వారు. తోర్‌బోర్గ్ నవ్వలేదు. గాజుమీద ముక్క అలాగే ఉంది. మిగిలిన సగం పురుగు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

మధ్యాహ్నం పడవ కూత వినబడగానే ఏప్రన్ విప్పింది. "గంటలో వస్తాను," అంది. మేస్త్రీ అడ్డు చెప్పలేదు. ఆమె అలా పని మధ్యలో వెళ్ళడం ఇదే మొదటిసారి.

ఇంట్లో, కోటు కూడా విప్పకుండా డబ్బా తెరిచింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. మూల మడిచిన చీటీని పట్టుకుని పైకి లాగింది. పదకొండేళ్ళ కిందట మొట్టమొదట వచ్చింది అదే. దుఃఖించేవాళ్ళకి ఓదార్పు దొరుకుతుందని ఉంది. దుఃఖం అన్న మాట చూడగానే చెయ్యి కాలినట్టై లోపలికి తోసేసింది, మళ్ళీ చేతికి రాకూడదని మూల మడిచి మరీ. రెండోది పనికి రాలేదు. మూడోది ఇల్లు చేరడం. అక్కడ ఆగి, దేవుడు పలికాడంది.

పలికింది ఎవరో ఇప్పుడు తెలుస్తూనే ఉంది. గోరుతో చీటీ మడతని రుద్దింది. తర్వాత బయటికి నడిచింది.

ఎయిలర్ట్ రాయి ముందు మోకాళ్ళమీద కూచుని ఉన్నాడు. పక్కన, తనూ మేస్త్రీని అడిగి వచ్చిన గుడ్వేగ్ రంగుడబ్బా పట్టుకుని ఉంది.

"ఇంకో పేరు చెక్కాలి," అంది తోర్‌బోర్గ్. "చెయ్యి నిలుస్తుందా?"

"పేరు చెప్పండమ్మా, నిలబెడతాను. ఎప్పుడు పోయారు?"

ఆ ప్రశ్న ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగనే లేదు.

"ఫిబ్రవరి పద్నాలుగు," అంది. "అన్‌ఫిన్. మిగిలినవాళ్ళతో పాటే."

"కింద వాక్యం ఏదైనా...?"

"వద్దు. పేరూ తేదీ చాలు."

ఉలి మొదటి దెబ్బకి రాతిపొడి లేచింది. గుడ్వేగ్ రంగుడబ్బా కింద పెట్టి శాలువా అంచుతో ముఖం తుడుచుకుంది.

"నాకు మూడోసారికి వచ్చింది," అంది తోర్‌బోర్గ్ రాయి వైపే చూస్తూ.

గుడ్వేగ్ వచ్చి ఆమె పక్కన నిలబడింది. "సాయంత్రం ప్రార్థనకి వస్తావా వదినా?" అంది.

"రాకేం? పాడతాను. జవాబులు మాత్రం ఇక డబ్బాలో వెతకను. పద, గంటలో వస్తానన్నాను."

ఇద్దరూ గాలికి ఎదురు నడుస్తూ కార్ఖానా వైపు దిగారు. తోర్‌బోర్గ్ వంటింట్లో, చల్లారిన కాఫీ గిన్నె పక్కన, ఆ చీటీ వెల్లకిలా పడి ఉంది. ఎంత రుద్దినా చదును కాని దాని మూల, కొంచెం పైకి లేచే ఉంది.