మూడో అంతస్తు దాటని లిఫ్ట్

ఆ ఆఫీసు లిఫ్ట్‌లో ఏ బటన్ నొక్కినా ఒకటే. ఎవరు ఎంతవరకు తగినవాళ్ళో అంతవరకే తీసుకెళ్ళి దించేది. దాంతో ఎవరూ పేచీ పెట్టుకోలేదు. అకౌంటెంటమ్మని చేరిన రోజు నుంచీ మూడులోనే దించుతోంది. పక్క సీటు కుర్రాడు సెలవు పెట్టి చదివి, ఎంబీఏ పట్టాతో తిరిగొస్తూనే ఐదుకి వెళ్ళాడు. ఆ ఐదు దగ్గరే ఇంకా ఉన్నాడు. మేనేజర్లూ, డైరెక్టరూ ఉండేది ఏడులో. మెట్లెక్కి వెళ్ళొచ్చు, కానీ అలా వచ్చినవాళ్ళ చేతిలో కాగితం తీసుకునేవారే తప్ప కూర్చోమనేవారు కాదు.

"ఉద్యోగం మానేసి ఆ ఎంబీఏ చదువుతావో, చదువు ఊసే మానేస్తావో తేల్చవే. ఏడాదిగా మీనమేషాలు లెక్కపెడుతున్నావు," అంది ఆ పొద్దున అక్క, టీ కప్పు చేతికిస్తూ.

"లెక్కపెట్టడమే కదక్కా నా ఉద్యోగం!"

నవ్విందే గానీ, రాజీనామా కవరు అప్పటికే బ్యాగులో ఉంది. ఫీజు, పోయే జీతం, రాబోయే జీతం అన్నీ వేసి చూసుకుంది. మూడు దాకా లిఫ్ట్‌లో, అక్కణ్ణుంచి మెట్ల మీద వెళ్ళి డైరెక్టర్ చేతికే ఇచ్చేద్దామనుకుంది.

ఆఫీసులో లిఫ్ట్ ఎక్కి, తలుపులు మూసుకుంటుంటే గోడౌన్ సూపర్‌వైజర్ పరుగున వచ్చి దూరాడు.

"మేడం, ప్యాకింగ్ మెషీన్ మళ్ళీ మొరాయించింది. బాగు చేయించాలా, కొత్తది కొనాలా?"

"రెండు లెక్కలూ రాసిస్తాను, నిర్ణయం మీది." ఇన్నేళ్ళుగా ఎవరేమడిగినా ఆమె చెప్పే జవాబు అదే. ఈసారీ నాలుక చివరిదాకా వచ్చింది. ఎలాగూ వెళ్ళిపోతున్నాను కదా అనుకుందో ఏమో, ఆగి అడిగింది.

"దాని మీద పనిచేసేవాళ్ళేమంటున్నారు?"

"వేళ్ళు పోతాయేమోనని హడలిపోతున్నారు."

"అయితే ఆపేయండి. కొత్తది కొందాం, అదొచ్చేదాకా చేత్తో ప్యాక్ చేయించండి. ఆర్డర్లు ఆలస్యమవుతాయని కస్టమర్లకి నేను చెప్పుకుంటాను."

"పైవాళ్ళు కేకలేస్తే?"

"నేను ఆపమన్నానని చెప్పండి."

మూడు దగ్గర లిఫ్ట్ కాసేపు నసిగింది. ఆ తర్వాత పైకి లేచింది.

"అయ్యయ్యో, నా అంతస్తు రెండే! నన్నూ లాక్కుపోతోందేంటి?" అని సూపర్‌వైజర్ గోడ పట్టుకున్నాడు.

ఏడులో తలుపులు తెరుచుకున్నాయి. ఆమె బ్యాగులోంచి కవరు తీసి చేత్తో పట్టుకుంది.

"రామ్మా, కూర్చో," అని డైరెక్టర్ ఖాళీ కుర్చీ చూపించాడు, రోజూ వచ్చే మనిషికి చూపించినట్టే.

కూర్చుంది. చుట్టూ ఉన్న మేనేజర్లు మార్కెట్ అన్నారు, బ్రాండ్ అన్నారు, పోటీ కంపెనీ ఎత్తులన్నారు. సగం అర్థమైంది, సగం తల మీంచి పోయింది.

"చేతిలో ఏంటమ్మా ఆ కవరు?"

ఆమె కవరు మెల్లగా బ్యాగులోకి తోసేసింది.

"ఏం లేదు సార్. శని, ఆదివారాలు ఎంబీఏ క్లాసుల్లో చేరుతున్నాను. ఆ రెండు రోజులూ నాకు మీటింగులు పెట్టకండి."

సాయంత్రం దిగేటప్పుడు లిఫ్ట్ తనంతట తానే మూడులో ఆగింది. ఆమె పాత సీటు దగ్గరికెళ్ళి కాలిక్యులేటర్ తెచ్చుకునేదాకా తలుపులు తెరిచే ఉంచింది.