వంతెన మీద కర్చీఫ్

మా ఆయన విశ్వేశ్వరరావు గారు ఇంజనీరుగా రిటైరైనా ఊరుకోలేదు. చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌కు నాలా మీదుగా ఒక నడక వంతెన కట్టాలని, దాని మీదే చెట్లు, పచ్చిక, బెంచీలు ఉండాలని నక్షా గీసి పదకొండేళ్లు అర్జీలు పెట్టారు. ఆఫీసుల్లో వాళ్లు నవ్వారు. ఇంట్లో నేను నవ్వాను. చివరికి నిజంగానే కట్టారు, ఆయన గీసినట్టే, ఒక్క మెట్టయినా లేకుండా.

వంతెన నడుమ పొగడ మొక్క పక్కన ఒక బెంచీ ఉంది. నక్షాలో ఆ బెంచీ దగ్గర పెన్సిలుతో సన్నగా 'సుబ్బులు మోకాళ్లకు' అని నా పేరు రాసి ఉండగా చూశాను. చూసినట్టు చెప్పలేదు. ఒక్కసారి నన్ను అక్కడ కూర్చోబెట్టాలని ఆయన ఆశ.

తెరిచిన మర్నాడే హాస్టళ్ల పిల్లలంతా పుస్తకాలతో వచ్చి వాలారు. గ్రూప్స్ చదివేవాళ్లకు ఉచితంగా గాలీ వెలుతురూ దొరికితే వదులుతారా? ఆయన ఎంత పెందలాడే వెళ్లినా ఆ బెంచీ మీద కర్చీఫ్ వేసి ఉండేది. తీసి పక్కన పెట్టండి అన్నందుకు నా మీద కస్సుమన్నారు. పెళ్లైన కొత్తలో కోఠిలో బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి నాకు సీటు పట్టిన మనిషి. ఇంకొకరి కర్చీఫ్ ముట్టుకోవడం ఆయన దృష్టిలో దొంగతనమే.

అయిదో రోజు ఆ కర్చీఫ్ తాలూకు పిల్ల ఆయనకు కనబడింది. పేరు నవనీత, సిరిసిల్ల వైపు పల్లె. ఈ వంతెన గీసింది తానేనని ఈయన చెప్పుకున్నారు. ఆ పిల్ల నోట్సు తిరగేసింది.

"గీసింది మీరే కావచ్చు అంకుల్. మా కరెంట్ అఫైర్స్ మెటీరియల్‌ల ఈ వంతెన పొడవు నూట నలభై మీటర్లని ఉన్నది."

"నూట నలభై రెండమ్మా. టేపు పట్టి కొలిచాను."

"గట్ల రాస్తే మార్కు పోతది," అంది జాలిగా.

ఇంటికొచ్చి పెసరట్టు ముట్టలేదు. తన బాధ బెంచీ గురించి కాదని, ఆ రెండు మీటర్ల గురించని అన్నారు. నేను నమ్మలేదు. సాయంత్రం గుడికని చెప్పి, మోకాళ్లు ఈడ్చుకుంటూ నవనీత దగ్గరికి వెళ్లాను. ఆ పెన్సిలు మాట చెప్పాను. బెంచీ ఇమ్మని మాత్రం అడగలేదు.

మర్నాడు ఉదయం ఆయన్ని బతిమాలి తీసుకెళ్లాను. బెంచీ మీద మళ్లీ కర్చీఫ్. ఆయన వెనక్కి తిరిగారు. చెయ్యి పట్టి లాగి చూపించాను. దాని మీద బాల్‌పెన్నుతో 'సుబ్బులు ఆంటీ మోకాళ్లకు, రోజూ ఆరు నుంచి ఏడు' అని రాసి ఉంది.

ఆయన నావైపు చూశారు. నేను నాలా వైపు చూశాను. ముందు నన్ను కూర్చోబెట్టి, తర్వాత తాను కూర్చున్నారు. కళ్లజోడు తుడుచుకోవడానికి ఆ కర్చీఫే తీశారు.

పచ్చిక మీద చదువుకుంటున్న నవనీత తలెత్తింది.

"అంకుల్, నూట నలభై రెండని నోట్సుల దిద్దుకున్న. పరీక్షల మాత్రం నూట నలభయ్యే రాస్త."

"అలాగే రాయమ్మా," అన్నారాయన. "ముందు ఉద్యోగం తెచ్చుకో. తర్వాత ఇద్దరం కలిసి అర్జీ పెడదాం."