చెట్టు ఏం చెప్పింది

తడి ఆకుల వాసన.

ముక్కులో ఆగే వాసన కాదు — గొంతులోకి దిగే వాసన.

ఆ అమ్మాయి చెట్టు మొదట్లో కూర్చుంది. కూర్చోమన్నారు కాబట్టి కూర్చుంది.

బడివాళ్ళు పిల్లల్ని అడవికి మందలా తోలుకొచ్చారు. ప్రకృతి పాఠమట. తలా ఒక చెట్టు. గంటసేపు మౌనం. ఆ తర్వాత, చెట్టు ఏం చెప్పిందో అందరి ముందూ చెప్పాలి. చెప్పినవాళ్ళే పాసు.

ఈల మోగింది.

మెడలో ఈల, నెత్తిన వెడల్పాటి టోపీ, చేతిలో దోమల మందు. క్యాంపు సారు. ప్రకృతి ప్రేమికుడు!

క్లాసంతా ‘మైకు’ అని పిలిచే కుర్రాడు ముందుగా లేచాడు.

“నా చెట్టు నాకు ఓర్పు నేర్పింది సార్.”

చప్పట్లు.

గంటసేపూ గురకపెట్టాడు వాడు. పక్క చెట్టు కిందే — ఆమె విన్నది.

ఇంకో పిల్లకి త్యాగం నేర్పిందట. మరొకడికి ఐకమత్యం. అడవంతా ఒకే గైడు బట్టీ కొట్టినట్టుంది.

ఆమె వంతు వచ్చింది.

“ఏం చెప్పలేదు సార్.”

“అసలేమీ?”

“చీమ కుట్టింది సార్.”

నవ్వులు. సారు నవ్వలేదు.

“మనసు పెట్టుంటే చెప్పేది. మళ్ళీ వెళ్ళి కూర్చో. ఈసారీ ఏం లేదన్నావో, ఫెయిలే.”

“ఓర్పు అనెయ్యవే తల్లీ,” మైకు గొణిగాడు, “ఆకలేస్తోంది, బస్సెక్కుదాం.”

ఓర్పు. రెండక్షరాలు. అనేస్తే పోయేది.

వాళ్ళింట్లో బడి గడప తొక్కింది ఆమె ఒక్కతే. చదువుకున్నవాళ్ళ మాట కాదనకే అని అమ్మ రోజూ పోరుతుంది. ఫెయిలైతే అమ్మ మొహం ఎలా చూడాలి...

వెళ్ళింది. కూర్చుంది. చెట్టు మీద కోపం రాలేదు. పాపం, దానికీ ఈ సారే దొరికాడు.

గాలి ఆగింది.

అప్పుడు — తడి బెరడుకు ఆనిన వీపులో ఒక వణుకు. ఎక్కడో పై కొమ్మల్లో పుట్టి, మానంతా దిగి, ఆమె వెన్నులోకి...

ఆగింది.

మళ్ళీ వచ్చింది.

ఆమె ఊపిరి బిగబట్టింది. చెట్టూ బిగబట్టింది.

ఈల.

కళ్ళు తుడుచుకుని లేచి వచ్చింది.

“ఇప్పుడైనా చెప్పిందా?”

సారు చేతిలో పెన్ను. బస్సు హారన్. అందరి కళ్ళూ ఆమె మీదే. చెబితే చప్పట్లే. ఓర్పు పక్కన, త్యాగం పక్కన, దీన్నీ వరసలో నిలబెడతారు.

“లేదు సార్,” అంది.

ఆ రోజుకి అది ఆమె మొదటి అబద్ధం.

పెన్ను ఆమె పేరు మీద అడ్డంగా నడిచింది.

బస్సు కదిలింది. అమ్మకేం చెప్పాలో తోచలేదు.

వీపు ఇంకా తడిగానే ఉంది. ఆ వాసన — గొంతు దాకా వచ్చి, అక్కడే ఆగి...